రెప్ప వాల్చే తీరిక

ఆ రాత్రి నేను కళ్ళు నులుముకుంటూ బాబాయి కంటబడ్డాను. వాదన అక్కడ మొదలైంది.

బాబాయి విజయవాడలో ఒక దినపత్రికలో 36 ఏళ్ళు ప్రూఫ్ రీడరుగా పనిచేసి 2012లో రిటైరయ్యారు. సీసపు అక్షరాల కాలంలో చేరి, కంప్యూటర్ పేజీల కాలం దాకా ఉన్నారు. నేను హైదరాబాదులో ఒక కంపెనీకి తెలుగు అనువాదాలు సరిచూస్తాను. తెర మీద ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. రోజుకి 9 గంటలు, ఒక్కోసారి 11. ఇంటినుంచి చేసే పనే కాబట్టి ఎండాకాలంలో పదిరోజులు సత్యనారాయణపురంలో వాళ్ళింట్లో ఉండి చేసుకుంటున్నాను. ఇంచుమించు ఆయనదీ నాదీ ఒకే వృత్తి. అందుకే ఆయన మాట అంతగా గుచ్చుకుంది.

బాబాయి: ఏమ్మా, కళ్ళు మళ్ళీ చింతనిప్పుల్లా అయ్యాయే! 41 ఏళ్ళకే ఇట్లా అయితే ముందు ముందు ఏం చేస్తావు? నేను 36 ఏళ్ళు రాత్రి డ్యూటీ చేశాను. 60 క్యాండిల్ బల్బు కింద కూర్చుని, తడి ఆరని గ్యాలీ ప్రూఫులో దీర్ఘం పడిందా, వత్తు ఊడిందా అని వెతకడమే పని. ఒక్కనాడు కళ్ళు మండాయని ఎరగను.

నేను: మీది కాగితం బాబాయ్, నాది తెర. రెండూ ఒకటి కాదు.

బాబాయి: అక్షరం ఎక్కడున్నా అక్షరమే, చూసే కన్ను కన్నే. తేడా అంతా మనిషిలో ఉంది. మేం డ్యూటీ దిగితే దిగినట్టే. నువ్వు పనయ్యాక కూడా మంచమ్మీద పడుకుని ఫోను పట్టుకుంటావు. నిన్న చూశాగా, ముప్పావుగంట. కంటికి క్రమశిక్షణ లేదు, అంతే.

నేను: ఫోను సంగతి తర్వాత చెబుతాను. ముందు కంట్లో ఏం జరుగుతోందో వినండి. 1993లో జపాన్‌లో సుబోటా, నకమోరి అనే ఇద్దరు వైద్యులు 104 మంది ఆఫీసు ఉద్యోగులు ఎన్నిసార్లు రెప్ప కొడుతున్నారో లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు. పుస్తకం చదివేటప్పుడు 10. కంప్యూటర్ తెర చూసేటప్పుడు 7.

బాబాయి: పుస్తకానికీ తగ్గిందిగా. పదికీ ఏడుకీ పెద్ద తేడా ఏముంది?

నేను: చూపు వాలడంలో ఉంది తేడా. పుస్తకం ఒళ్ళోనో బల్లమీదో ఉంటుంది. చూపు కిందికి దిగితే పైరెప్ప కూడా దిగి కంటిని కొంత కప్పుతుంది. తెర ఎదురుగా నిలబడి ఉంటుంది. కన్ను విప్పారుకుని చూడాలి. గాలి తగిలే మేర పెరిగి తడి తొందరగా ఆరిపోతుంది. పైగా తెర ముందు మనం కొట్టే రెప్పల్లో చాలా రెప్పలు సగం రెప్పలే. కిందిరెప్పని తాకకుండానే పైకి లేచిపోతాయి.

బాబాయి: తడి ఆరడమేమిటి? సాయంత్రం నీ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నీళ్ళు కారే కంటిని పట్టుకుని పొడికన్ను అంటావా?

మంచి ప్రశ్న. మొదటిసారి కంటి డాక్టర్ని నేనూ ఇదే అడిగాను.

నేను: కన్నీరంటే ఉత్త నీళ్ళు కాదు బాబాయ్. కంటిని అంటుకుని ఒక జిగురు పొర, దాని మీద నీళ్ళ పొర, అన్నిటికీ పైన పల్చటి నూనె పొర. ఆవకాయ జాడీలో పైన నూనె నిలిస్తేనే కదా కింద ఊట ఆరకుండా ఉండేది? ఇదీ అంతే. ఆ నూనె రెప్పల అంచుల్లో వరసగా ఉండే గ్రంథుల్లోంచి వస్తుంది. 17వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరు మీద వాటిని మైబోమియన్ గ్రంథులంటారు. రెప్ప నిండుగా మూసుకున్నప్పుడల్లా కొంచెం నూనె ఊరి కన్నంతా పరుచుకుంటుంది. రెప్ప పడకపోతే ఆ పొర అక్కడక్కడా చిరిగి, మచ్చలు మచ్చలుగా ఆరిపోతుంది. ఆరినచోట మంట పుడుతుంది. మంట పుట్టగానే కన్ను గాభరాపడి నీళ్ళు గుమ్మరిస్తుంది. ఆ హడావుడి నీళ్ళు కంటిమీద నిలవవు, చెంపమీదికి జారిపోతాయి. మీరు చూసింది అదే.

పిన్ని మజ్జిగ గ్లాసులు తెచ్చిపెట్టి అక్కడే కూర్చుంది. బాబాయి సగం గ్లాసు తాగేదాకా ఏమీ అనలేదు.

బాబాయి: సరే, రెప్ప కొట్టకపోవడమే జబ్బయితే మందు నీ దగ్గరే ఉందిగా. కొట్టు! దానికి కంపెనీ అనుమతి కావాలా?

నేను: తల్చుకుని కొట్టేది ఎన్నిసార్లు బాబాయ్? రెండు నిమిషాలు గుర్తుంటుంది, మూడో నిమిషానికి మర్చిపోతాం. మనసు దేనిమీదో లగ్నమైతే రెప్ప దానంతటదే ఆగిపోతుంది. రెప్ప వాల్చకుండా చూశాడు అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

బాబాయి: అసలు నిమిషం అన్న మాటకి మొదటి అర్థమే రెప్పపాటు. దేవతలకి అనిమిషులని పేరు వచ్చింది రెప్ప వెయ్యరు గనక. దమయంతి స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి వేషంలో వచ్చి కూర్చుంటే, అసలు నలుణ్ణి ఆవిడ ఏం చూసి పోల్చుకుంది? అతను రెప్ప కొడుతున్నాడు. ఒంటికి చెమట పట్టింది, మెళ్ళో దండ వాడింది, కాళ్ళు నేలకి ఆనాయి. అవి మనిషి గుర్తులు.

నేను: తెర ముందు కూర్చుంటే ఆ మొదటి గుర్తే పోతోంది.

మాటల మీద ప్రాణం పెట్టే మనిషి కాబట్టి ఆ వాక్యం ఆయనకి పట్టింది. గొంతు కొంచెం తగ్గించారు.

బాబాయి: మరి డాక్టర్లు ఏం చెయ్యమంటారు?

నేను: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని, 20 సెకన్లపాటు చూడమంటారు. అమెరికాలో జెఫ్రీ ఆన్షెల్ అనే కంటి నిపుణుడు 1990లలో తెచ్చిన లెక్క. గుర్తుండాలని మూడు ఇరవైలు కుదిర్చారు, 19 అయినా 22 అయినా కంటికి ఒకటే. దగ్గర చూడాలంటే కంట్లో ఒక చిన్న కండరం బిగిసి కటకాన్ని ఉబ్బేలా చేస్తుంది. దూరం చూస్తే ఆ కండరం సడలుతుంది. ఈలోగా నాలుగైదు నిండు రెప్పలు కూడా పడతాయి.

బాబాయి: బావుంది. చేస్తున్నావా?

నేను: లేదు.

బాబాయి: అదీ! తెలిసి కూడా చెయ్యనిదాన్ని క్రమశిక్షణ లేకపోవడం అనక ఇంకేమంటారు?

నేను: గంటకి ఇన్ని వాక్యాలని నా పనికి లెక్కుంది బాబాయ్. కాసేపు మౌస్ కదలకపోతే నా పేరు పక్కనున్న పచ్చచుక్క రంగు మారుతుంది. 20 సెకన్లకి మారదు, నిజమే. మారుతుందేమోనన్న భయం మాత్రం చూపుని అక్కడే కట్టేస్తుంది. ఐరోపా దేశాల్లో తెర ముందు పనిచేసేవాళ్ళ కోసం 1990లోనే ఒక ఆదేశం తెచ్చారు. విరామాలతోనో వేరే రకం పనితోనో తెరపనికి మధ్యమధ్యలో తెంపు వచ్చేలా ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత యజమానిదని అందులో ఉంది. కంటి పరీక్ష ఉద్యోగి హక్కని కూడా ఉంది. నా నియామక పత్రం 14 పేజీలు. కంటి ఊసు ఒక్క పేజీలోనూ లేదు.

బాబాయి: మాకు మాత్రం ఎవరిచ్చారు విరామం? తెల్లవారుజామున కట్టలు బస్సెక్కాలి. ఆలస్యమైతే ఎడిటరు దగ్గర్నుంచి ఏజెంటు దాకా అందరూ మా మీద పడేవాళ్ళు.

నేను: మీ రాత్రి ఎలా గడిచేదో ఒకసారి మొదటినుంచి చెప్పండి.

ఇలా అడిగితే బాబాయి ఆగరని నాకు తెలుసు. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను. ఈ వాదన మొత్తంలో నాకు బాగా విలువైన భాగం ఇదే.

బాబాయి: ఎనిమిదింటికి వెళ్ళేవాణ్ణి. కంపోజిటర్లు కేసుల ముందు నిలబడి అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చేవాళ్ళు. గ్యాలీ నిండాక సిరా పట్టించి, కాగితం వేసి ప్రూఫు తీసి నా బల్లమీద పెట్టేవాళ్ళు. పక్కన కాపీ హోల్డరు ఉండేవాడు. విలేకరి రాసిన కాపీ అతని చేతిలో, ప్రూఫు నా చేతిలో. అతను గట్టిగా చదువుతుంటే నేను ప్రూఫులో వెంటబడి చూసేవాణ్ణి. పేర్లొస్తే అక్షరం అక్షరం విడదీసి చెప్పేవాడు. కామా, ఫుల్‌స్టాప్ కూడా పలికేవాడు. గొంతు అలిసిపోతే కాపీ నేను తీసుకుని చదివేవాణ్ణి. తప్పులకి గుర్తులు పెట్టి పంపిస్తే కంపోజిటరు ఆ అక్షరం పీకి ఇంకోటి పెట్టాలి. తెలుగు కేసంటే మాటలా! గుణింతాలూ వత్తులూ కలిపి వందల గళ్ళు. ఈలోగా నాకు పనేముంది? మిషను దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి, లేకపోతే కిటికీ దగ్గర. ఏలూరు కాలవ అవతలి గట్టున దీపాలు కనపడేవి. రెండో ప్రూఫు వచ్చిందని కేకేస్తే వచ్చి కూర్చునేవాణ్ణి. తెల్లవార్లూ అదే వరస.

నేను: ఆ కిటికీలోంచి ఎంత దూరం కనపడేది బాబాయ్?

ఆయన బదులు చెప్పలేదు. పిన్ని ఆయన వంక చూసింది.

నేను: కాపీ హోల్డరు ఉన్నాడు కాబట్టి మీ కన్ను ఒక్క కాగితాన్నే చూసింది. రెండోదాన్ని చెవి చూసుకుంది. నేను రెండూ కంటితోనే చూస్తాను. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి, రోజంతా. మీకు ప్రూఫుకీ ప్రూఫుకీ మధ్య సీసం అడ్డం పడేది. నాకు ఒక వాక్యం సరే అనగానే ఇంకోటి వచ్చి నిలబడుతుంది. మీ కళ్ళని కాపాడింది క్రమశిక్షణ కాదు బాబాయ్, మీ పని నడిచిన పద్ధతి.

బాబాయి: అంటే నా గొప్పేం లేదంటావు.

నేను: మీ గొప్ప తప్పు పట్టడంలో ఉంది. కళ్ళు మండకపోవడంలో సగం గొప్ప ఆ కంపోజిటరుది, పావు వంతు కాపీ హోల్డరుది.

మంగళగిరిలో మగ్గం మీద కూర్చున్న మనిషిని చూసినా ఇదే తోస్తుంది. పోగు తెగితే ఆగుతాడు, కండె అయిపోతే ఆగుతాడు. పనే అతన్ని ఆపుతుంది. సన్నపని కంటికి చేటని మనిషికి చాలాకాలం నుంచి తెలుసు. ఇటలీలోని మోడెనాలో రామజ్జినీ అనే వైద్యుడు 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో సన్నపని చేసేవాళ్ళ చూపు గురించి ఒక అధ్యాయం ఉంది. అప్పుడప్పుడూ పని పక్కనపెట్టి చూపు వేరేవైపు తిప్పమని అతను కూడా చెప్పాడు. 300 ఏళ్ళుగా సలహా అదే. పని మధ్యలో సీసమూ కండే లేకుండా పోయాక ఆ తీరిక ఎక్కణ్ణించి రావాలన్నదే నా బాధ.

బాబాయి అంత తేలిగ్గా వదల్లేదు.

బాబాయి: పని పద్ధతి మారింది, ఒప్పుకున్నా. నీ చేతిలో ఉన్నవాటి సంగతేంటి మరి? ఆ ఏసీ చూడు, సరిగ్గా నీ మొహం మీదికి కొడుతోంది. కిటికీ నీ తెర వెనకాల ఉంది, పగలంతా వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటుంది. బల్ల పక్కకి తిప్పుకుంటే ఎవరైనా వద్దన్నారా? అక్షరాలు చీమల్లా పెట్టుకుని తెరమీదికి వంగిపోతావు. పెద్దవి చేసుకుంటే ఏం పోయింది? రాత్రి ఫోను కూడా మీ కంపెనీయే చూడమందా?

నేను: అవి నా తప్పులే బాబాయ్.

అవి నిజంగా నా తప్పులే. తెర చెయ్యి చాపినంత దూరంలో ఉండాలని, దాని పై అంచు కంటికి కాస్త దిగువన ఉండాలని, కిటికీ పక్కవైపు ఉండాలని నాకు తెలుసు. ఒక్క ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం చిక్కుంది. కిందుంటే కంటికి సుఖం, మెడకి నొప్పి. పుస్తకాల దొంతర మీదికెక్కిస్తే మెడకి సుఖం, కన్ను ఆరిపోతుంది. నేను వేరే కీబోర్డు కొనుక్కుని, ఒక్క లావుపాటి పుస్తకం ఎత్తులో ఆపాను.

బాబాయి: ఇంతకీ నీలికాంతి ఆపుతుందని కళ్ళజోడు కొన్నావుగా, అదేం చేసింది?

నేను: ఏమీ చెయ్యలేదు. 2,400 రూపాయలు పెట్టి కొన్నాను. తెరలోంచి వచ్చే నీలికాంతి పట్టపగలు ఆరుబయట కంటికి తగిలేదానితో పోలిస్తే చాలా తక్కువ. 2023లో కోక్రేన్ సంస్థ ఆ అద్దాల మీద జరిగిన 17 ప్రయోగాలని కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలకంటే అవి కంటి అలసటని తగ్గిస్తాయని తేలలేదు. నా కన్ను అలిసిపోయేది రంగు వల్ల కాదు, రెప్ప పడక. ఆ డబ్బుతో కంటి పరీక్ష చేయించుకుని ఉంటే చత్వారం బయటపడేది.

బాబాయి: నలభై దాటితే రాక మానుతుందా? చత్వారింశత్ అంటేనే నలభై. దాని పేరులోనే వయసుంది.

నేను: వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా బిరుసెక్కిన కటకాన్ని కండరం బలవంతంగా ఉబ్బించాలని చూసింది. సాయంత్రం వచ్చిన తలనొప్పులు అవే. తర్వాత రెండు చూపుల అద్దాలు తీసుకున్నాను. దగ్గరిచూపు ముక్క కింద ఉంటుంది. తెర దానిలోంచి కనపడాలంటే గడ్డం పైకెత్తాలి. సాయంత్రానికి మెడ పట్టేసేది. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం, నా తెర 65లో ఉంది. తెర దూరానికే కొలిచి చేసే అద్దాలు వేరే ఉంటాయి. టేపుతో కొలుచుకెళ్ళి ఇంత దూరమని మనం చెప్పాలి. నన్ను వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

బాబాయి లేచి, గూట్లోంచి ఒక చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు.

బాబాయి: ఇవన్నీ తర్వాత. ముందు ఇవి రెండు చుక్కలు వేసుకో. వీధి చివర మందుల షాపతను ఇచ్చాడు. నాకు ఎర్రబడినప్పుడల్లా వేసుకుంటా, పొద్దున్నకి తెల్లగా అయిపోతాయి.

సీసా మీద అక్షరాలు నిజంగానే చీమల్లా ఉన్నాయి. దీపం కిందికి తీసుకెళ్ళి చదివాను. డెక్సామెథసోన్. స్టెరాయిడ్.

నేను: ఎన్నాళ్ళనుంచి వేస్తున్నారు ఇది?

బాబాయి: రెండేళ్ళయిందేమో. రోజూ కాదులే.

నేను: డాక్టరు రాశాడా?

బాబాయి: ఎర్రకళ్ళకి డాక్టరెందుకమ్మా?

ఇక్కడ నా గొంతు పెరిగింది. ఇప్పుడు రాస్తున్నా ఆ భయం తగ్గలేదు.

నేను: ఇది ఎరుపుని పోగొడుతుంది, నిజమే. నెలల తరబడి వేస్తే కొందరికి కంట్లో ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడికి కంటినరం దెబ్బతింటే నీటికాసులు. శుక్లాలు కూడా తొందరగా వస్తాయి. శుక్లం వస్తే ఆపరేషనుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అది నొప్పి పెట్టదు, మంట పెట్టదు. చాలామందికి చూపు అంచులనుంచి తరుక్కుంటూ వస్తుంది. ఎదురుగా ఉన్నది చక్కగా కనపడుతూనే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. మీకు షుగరు వచ్చి ఎన్నేళ్ళు?

బాబాయి: 14.

నేను: కంట్లో చుక్కలేసి లోపలి పొర ఎప్పుడైనా చూశారా?

బాబాయి: బ్రహ్మాండంగా కనపడుతుంటే చూడ్డం దేనికి?

నేను: షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి బాబాయ్, బ్రహ్మాండంగా కనపడుతున్నా సరే. నా కన్ను మండుతోంది కాబట్టి మూడుసార్లు డాక్టరు దగ్గరికెళ్ళాను. తెర వల్ల నా కళ్ళు పోతాయని ఏ డాక్టరూ అనలేదు. పొడిబారినందుకు గోరువెచ్చటి గుడ్డతో కాపడం, కన్నీళ్ళకి బదులుగా వేసే చుక్కలు చెప్పారు. రోజుకి నాలుగుసార్లకి మించి వెయ్యాల్సొస్తే నిలవమందు కలపని రకం తీసుకోమన్నారు. నా జబ్బు అంతవరకే. మీకు మంట లేదు. మంట లేకపోవడాన్నే ఆరోగ్యం అనుకుంటున్నారు.

పిన్ని అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. సీసా తీసుకుని కొంగున ముడేసుకుంది. "తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి ఉందిగా, రేపు పొద్దున్నే వెళ్దాం" అంది. బాబాయి నా వైపు, పిన్ని వైపు చూసి, వస్తానని తలూపారు.

పదిన్నరయింది. నాకింకా 60 వాక్యాలు మిగిలున్నాయి, పొద్దున్నకల్లా పంపాలి. ల్యాప్‌టాప్ తెరిచాను. బాబాయి ముందు ఏసీ రెక్కలు పైకి తిప్పారు. తర్వాత ఇద్దరం కలిసి బల్లని జరిపాం, కిటికీ పక్కకొచ్చింది. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

బాబాయి: అక్షరాలు పెద్దవి చెయ్యి. ఇంగ్లీషు వాక్యం నువ్వు చదువుకో. చదివాక తెర నావైపు తిప్పు. తెలుగు నేను పలుకుతాను, నువ్వు చెవితో చూడు.

కిటికీ అవతల పక్కింటి కొబ్బరిచెట్టు ఉంది. వీధిదీపం వెలుతురులో దాని మట్టలు కదులుతున్నాయి. ఇరవై అడుగులకి ఎక్కువే ఉంటుంది. బాబాయి గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. కామా దగ్గర కామా అన్నారు, వాక్యం ముగిసినచోట ఫుల్‌స్టాప్ అన్నారు. తొమ్మిదో వాక్యంలో టక్కున ఆగారు.

"ఇక్కడ వత్తు పోయింది, చూశావా?"

"లేదు బాబాయ్, చెట్టు చూస్తున్నాను."

"చూడు, చూడు. ఇది నేను గుర్తుపెట్టుకుంటాలే" అని పదో వాక్యం అందుకున్నారు.